జెఫర్సన్ ఇంటి హాల్లో హామిల్టన్ విగ్రహం

చరిత్రపై పాఠకుల ప్రశ్నలు – రిటైర్డ్ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: సివిల్స్‌కు చదువుతున్నాను మేడమ్. ప్రపంచ చరిత్రలో అమెరికా దగ్గరకొచ్చేసరికి పేర్లు, చట్టాలు, సంవత్సరాలు అన్నీ కలిసిపోతున్నాయి. ఒకరికొకరు ఎదురు నిలిచిన ఇద్దరిని జంటగా తీసుకుని చదవమని మా సీనియర్ చెప్పాడు. అలా చదివితే గుర్తుంటుందా? ఏ జంటతో మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ సీనియర్ మంచి సలహా ఇచ్చాడు బాబూ. కాకపోతే ఇద్దరి జీవితాలూ పుట్టుక నుంచి చదువుతూ కూర్చోకండి. వాళ్ల మధ్య జరిగిన తగాదా ఒక్కటి పట్టుకోండి. క్లాసులో నేను 1791 ఫిబ్రవరితో మొదలుపెట్టేదాన్ని.

అప్పుడు జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడు. ఖజానా అలెగ్జాండర్ హామిల్టన్ చేతిలో, విదేశాంగం థామస్ జెఫర్సన్ చేతిలో ఉన్నాయి. జాతీయ బ్యాంకు పెట్టాలన్న హామిల్టన్ బిల్లు కాంగ్రెస్‌లో పాసై సంతకానికి వచ్చింది. రాజ్యాంగంలో బ్యాంకు మాటే లేదు. సంతకం పెట్టొచ్చా అని వాషింగ్టన్‌కు సందేహం. ఫిబ్రవరి 15న జెఫర్సన్ తన అభిప్రాయం రాసిచ్చాడు: రాజ్యాంగం ఇవ్వని అధికారం కేంద్రం తీసుకుంటే ఇక దానికి హద్దంటూ ఉండదు. 23న హామిల్టన్ జవాబిచ్చాడు: పన్నులు వసూలు చేసే అధికారం, అప్పు తెచ్చే అధికారం ఇచ్చినప్పుడు, ఆ పనులు జరగడానికి తగిన సాధనం ఎంచుకునే అధికారం కూడా ఇచ్చినట్టే. 25న వాషింగ్టన్ సంతకం పెట్టాడు. 1819లో జాతీయ బ్యాంకు చెల్లుతుందా అన్న మెక్‌కల్లాక్ కేసులో సుప్రీంకోర్టు హామిల్టన్ దారిలోనే తీర్పు చెప్పింది. కేంద్రం అధికారం ఎంతవరకు అన్న వాదన అమెరికాలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఈ రెండు పత్రాలూ చదివాక అప్పుడు జీవితాల్లోకి వెళ్లండి. హామిల్టన్ కరీబియన్ దీవుల్లో పుట్టి, తండ్రి వదిలేసి వెళ్లిపోతే చిన్నతనంలోనే ఒక వ్యాపార సంస్థలో గుమాస్తాగా చేరినవాడు. అప్పులు, సరుకులు, ఓడలు అతనికి తెలిసిన లోకం. జెఫర్సన్ వర్జీనియా భూస్వామి. సొంత భూమి దున్నుకునే రైతే దేశానికి ఆధారమని నమ్మాడు, బ్యాంకులంటే అనుమానం. బ్యాంకు మీద ఇద్దరూ అలా ఎందుకు రాశారో ఇక్కడ మీకే అర్థమవుతుంది.

తర్వాత చూడాల్సింది, ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఎప్పుడు ఎక్కడ కలిశారన్నది. 1800 ఎన్నికల్లో జెఫర్సన్‌కు, అతని పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కు చెరో 73 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ఇద్దరిలో ఒకరిని అధ్యక్షుడిగా తేల్చడానికి ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరపాల్సి వచ్చింది. అప్పుడు హామిల్టన్ తన పార్టీవాళ్లకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, బర్ కంటే జెఫర్సనే నయమని. ఇక జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1803లో ఫ్రాన్స్ నుంచి లూయిజియానా కొన్నప్పుడు, కొత్త భూభాగం కొనే అధికారం రాజ్యాంగంలో ఎక్కడుందని జెఫర్సన్‌నే ఆ పాత ప్రశ్న వేధించింది. రాజ్యాంగ సవరణ ముసాయిదా కూడా రాసుకున్నాడు. నెపోలియన్ మనసు మార్చుకుంటాడేమోనన్న టెన్షన్‌లో దాన్ని పక్కన పెట్టేశాడు. ఒకటిన్నర కోట్ల డాలర్ల ఆ బేరంలో ఎక్కువ భాగం బాండ్ల మీద నడిచింది. అమెరికా బాండ్లకు యూరప్‌లో విలువ ఉండటానికి హామిల్టన్ కట్టిన అప్పుల వ్యవస్థే కారణం. మరుసటి ఏడాది జులైలో బర్‌తో ద్వంద్వయుద్ధంలో గాయపడి హామిల్టన్ చనిపోయాడు. మాంటిసెల్లోలోని తన ఇంటి ముందు హాల్లో జెఫర్సన్ తన విగ్రహానికి ఎదురుగా హామిల్టన్ విగ్రహం పెట్టించుకున్నాడు.

ఇద్దరి ఉత్తరాలూ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గైడ్లు కొనే డబ్బు మిగుల్చుకోండి.

ప్రశ్న: మా పాప పదకొండో తరగతి. అమెరికా నల్లజాతి నాయకులు బుకర్ టి. వాషింగ్టన్, డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ మీద వ్యాసం రాస్తోంది. వాషింగ్టన్ తన జాతిని తాకట్టు పెట్టాడని అది అంటుంది. ముందు చదువు, పని, డబ్బు సంపాదించుకుంటే గౌరవం అదే వస్తుందన్న వాషింగ్టన్ మాటే నాకు నచ్చింది. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఎవరిది కరెక్ట్? – ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: ఇంట్లో ఇలాంటి వాదన జరుగుతోందంటే నాకు చాలా సంతోషంగా ఉందమ్మా. తీర్పు ముందే చెప్పేస్తాను: ఓటు హక్కు వదులుకోకూడదన్న డుబాయిస్ మాటే నిజం. కానీ పాప అన్న ‘తాకట్టు’ మాట నేను ఒప్పుకోను.

వాషింగ్టన్ 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. 1881లో అలబామాలోని టస్కీగీలో బడి మొదలుపెట్టి, విద్యార్థుల చేతనే ఇటుకలు చేయించి గోడలు లేపాడు. చుట్టూ ఉన్న తెల్లవాళ్లు తలచుకుంటే ఆ బడి ఒక్క రాత్రిలో బూడిదయ్యేది. 1895లో అట్లాంటాలో, సామాజికంగా వేళ్లలా విడిగా ఉందాం, ప్రగతి విషయంలో చేయిలా ఒకటవుదాం అన్నాడు. డుబాయిస్ 1868లో మసాచుసెట్స్‌లోని చిన్న ఊళ్లో పుట్టి, తెల్లపిల్లలతో ఒకే బడిలో చదువుకుని, 1895లోనే హార్వర్డ్ డాక్టరేట్ అందుకున్నాడు. ఆ అట్లాంటా ప్రసంగం గురించి తెలిసి వాషింగ్టన్‌ను మనస్ఫూర్తిగా అభినందిస్తూ రాసింది ఎవరనుకున్నారు? డుబాయిసే. ఈ విషయం మీ పాప వ్యాసంలో తప్పక ఉండాలి.

మరి 1903 నాటికి అదే డుబాయిస్ వాషింగ్టన్‌ను విమర్శిస్తూ అంత ఘాటుగా ఎందుకు రాశాడు? మధ్యలో ఏం జరిగిందో చూడండి. 1896లో ప్లెస్సీ తీర్పుతో నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగా ఉంచే పద్ధతికి సుప్రీంకోర్టు ముద్ర వేసింది. దక్షిణ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా నల్లవాళ్ల ఓటు లాగేసుకున్నాయి, 1901లో అలబామా కూడా. 1899లో జార్జియాలో సామ్ హోస్ అనే నల్ల కూలీని గుంపు సజీవంగా తగలబెట్టింది. దాని గురించి ఒక లేఖ పట్టుకుని పత్రికాఫీసుకు నడుస్తున్న డుబాయిస్‌కు, హోస్ వేళ్ల కణుపులను ముందున్న కిరాణా దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని తెలిసింది. ఆయన వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. లెక్కలూ సర్వేలూ చూపిస్తే లోకం మారుతుందన్న నమ్మకం ఆయనకు ఆ తర్వాత నిలవలేదు. ఓటు పోయాక నల్లపిల్లల బడులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా తెల్లవాళ్ల బడులకు మళ్లింది. అందుకే అంటున్నాను, మీకు నచ్చిన ఆ చదువు నిలబడాలన్నా ఓటు కావాలి.

ఇప్పుడు పాపకు ఒక మాట. అలబామా ఓటు చట్టాన్ని సవాలు చేసిన గైల్స్ కేసుకు రహస్యంగా డబ్బు పంపింది బుకర్ టి. వాషింగ్టన్. పైకి సర్దుకుపోదామన్న మనిషి లోపల కోర్టులో పోరాడుతున్నాడు. ఆయన కాగితాలు బయటపడి పరిశోధకులు చదివాకే ఈ సంగతి బాగా తెలిసింది.

వ్యాసంలో చోటుంటే ఇంకొకటి చేర్చమనండి. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. దళితుల తరఫున అదే చేయాలన్న ఆలోచన ఆయనది. డుబాయిస్ జవాబు కూడా రాశాడు.

ప్రశ్న: ఇద్దరు పెద్దమనుషుల గొడవగా చరిత్ర చెబితే మిగతావాళ్లు ఏమైపోతారు? – ఒక ఉపాధ్యాయురాలు, విజయవాడ

జవాబు: ఈ పద్ధతికి ఉన్న అసలు ప్రమాదం మీరు చెప్పిందే. నేను ప్రతి జంట పక్కన మూడో మనిషిని వెతకమంటాను. 1790 జూన్‌లో న్యూయార్క్‌లో తన ఇంట్లో జెఫర్సన్ హామిల్టన్‌కు, కాంగ్రెస్ నాయకుడు జేమ్స్ మాడిసన్‌కు విందు ఇచ్చాడు. రాష్ట్రాల అప్పులు కేంద్రం తీసుకునేలా, రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకు వెళ్లేలా అక్కడ ఒప్పందం కుదిరింది. ప్రతి పుస్తకంలోనూ ఈ విందు ఉంటుంది. ఆ రోజుల్లో జెఫర్సన్ వంటగది చూసుకున్నది జేమ్స్ హెమింగ్స్. జెఫర్సన్ అతన్ని పారిస్ తీసుకెళ్లి ఫ్రెంచ్ వంట నేర్పించాడు. మనుషులందరూ సమానులని రాసిన చేతికింద అతను బానిస. చాలాకాలం వంట చేసి, చివరికి తమ్ముడు పీటర్‌కు ఆ పని నేర్పి అప్పగించాకే 1796లో విడుదలయ్యాడు. తమ్ముడు మాత్రం అప్పటికీ బానిసగానే ఉండిపోయాడు. మాంటిసెల్లో వంట సామాన్ల జాబితా ఒకటి జేమ్స్ స్వదస్తూరీతో మిగిలింది. హామిల్టన్, జెఫర్సన్‌ల పత్రాలతో పాటు మీ పిల్లలకు అది కూడా చూపించండి.

ప్రశ్న: లింకన్, డగ్లస్ చర్చలు ఏడూ చదవాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏడూ అక్కర్లేదు. 1858లో ఇల్లినాయ్ సెనేట్ సీటు కోసం పోటీపడిన అబ్రహాం లింకన్, స్టీఫెన్ డగ్లస్‌ల మధ్య బానిసత్వం మీద జరిగాయవి. ఒక్కోటి మూడు గంటలు: మొదటివారికి గంట, రెండోవారికి గంటన్నర, మళ్లీ మొదటివారికి అరగంట. అప్పట్లో సెనేటర్‌ను శాసనసభ ఎన్నుకునేది, 54–46తో డగ్లస్ గెలిచాడు. సెప్టెంబర్ 18న చార్ల్స్‌టన్‌లో లింకన్, నల్లవాళ్లకు తెల్లవాళ్లతో సామాజిక, రాజకీయ సమానత్వం ఇవ్వాలని తాను కోరలేదని చెప్పాడు. అక్టోబర్ 15న ఆల్టన్‌లో అదే లింకన్, ఒకరు కష్టపడి సంపాదించిన రొట్టె ఇంకొకరు తినే సూత్రం ఏ రూపంలో వచ్చినా అన్యాయమేనన్నాడు. ఆ రెండూ ఒకే రోజు కూర్చుని చదవండి. డగ్లస్ జవాబులు మాత్రం వదిలేయకండి.