సీనియర్లు వెళ్ళాక జట్టులో మిగిలేదేమిటి?

ప్రశ్న: అమెరికాలో నేను అభిమానించే ఓ చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు మూడేళ్ళుగా బాగా పుంజుకుంది. ఇప్పుడు ముగ్గురు సీనియర్లు (చివరి ఏడాదివాళ్ళు) ఒకేసారి వెళ్ళిపోతున్నారు. జట్టు ఎంత దెబ్బతింటుందో ముందే అంచనా వేయొచ్చా?

జవాబు: చాలావరకు వేయొచ్చు. పాయింట్ల పట్టిక పక్కనపెట్టి ముందు నిమిషాలు చూడండి. ఆట 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, మొత్తం 200. వెళ్ళేవాళ్ళు సగటున 33, 31, 28 నిమిషాలు ఆడారనుకుంటే 92 పోయినట్టే. అంటే దాదాపు సగం జట్టు.

తర్వాత, బంతి ఎవరి చేతిలో ఎక్కువగా ఖర్చవుతోందో లెక్కగట్టండి. వేసిన షాట్లు, పోగొట్టిన బంతులు (టర్నోవర్లు) కలిపి, ఫ్రీ త్రోలను (ఫౌల్‌కు దొరికే అడ్డులేని షాట్లు) 0.44తో గుణించి చేర్చాలి. ఆటకు సగటున 12 షాట్లు, 5 ఫ్రీ త్రోలు, 3 టర్నోవర్లు ఉన్న గార్డు 17.2 అవకాశాలు వాడినట్టు. జట్టుకు ఆటకు 70 దాకా వస్తాయి కాబట్టి పావువంతు భారం అతనిదే.

అభిమానులు పప్పులో కాలేసేది ఇక్కడే. ‘షూటింగ్ శాతం బాగున్న జూనియర్ ఉన్నాడుగా, ఆ షాట్లన్నీ అతనే వేస్తాడు’ అనుకుంటారు. అతని బాస్కెట్లలో ఎన్ని ఇతరుల పాస్ మీద వచ్చాయో చూడండి. పదింట ఎనిమిది అలాంటివే అయితే, పాస్ ఇచ్చేవాడు వెళ్ళిపోయాక అతని శాతం కూడా పడిపోతుంది. ఖాళీ దొరికినప్పుడు వేయడం వేరు, ఒకడు మీద పడుతుంటే డ్రిబుల్ చేస్తూ చోటు సంపాదించుకోవడం వేరు.

డేవిడ్‌సన్ కాలేజీనే చూడండి. 2008లో ఆ జట్టు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల క్రీడా సంఘం) టోర్నమెంట్‌లో చివరి ఎనిమిదింటిదాకా వెళ్ళి, కాన్సస్ చేతిలో 57–59తో ఓడింది. పేరంతా స్టీఫెన్ కరీకే వచ్చింది. ఆ ఏడాది దేశంలో అందరికంటే ఎక్కువ అసిస్టులు (బాస్కెట్‌కు దారితీసే పాస్‌లు) ఇచ్చిన జేసన్ రిచర్డ్స్ మాత్రం సీనియర్‌గా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది బంతి తెచ్చే పని కూడా కరీ మీదే పడింది. స్కోరింగులో అతను దేశంలోనే మొదటివాడయ్యాడు గానీ, జట్టుకు ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో చోటే దక్కలేదు.

డిఫెన్స్ నష్టం ఏ పట్టికలోనూ సరిగా దొరకదు. బంతికి అవతలి వైపు, బాస్కెట్ కింద కాపలా ఉండేవాడిని గమనించండి. ప్రత్యర్థి బేస్‌లైన్ (బాస్కెట్ వెనక గీత) వెంట దూసుకొస్తుంటే, పెయింట్‌లో (బాస్కెట్ ముందున్న రంగు చోటు) అడుగు పెట్టకముందే ఈ కాపలాదారు అడ్డుపడాలి. ముదురు సీనియర్ ఆ దూసుకురావడం మొదలవకముందే కదులుతాడు, వెనకనుంచి స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ప్రత్యర్థి) వస్తోందని అరిచి చెబుతాడు. కొత్తవాడు ఒక అడుగు ఆలస్యమవుతాడు. ఫలితం లేఅప్ (బాస్కెట్ దగ్గరికొచ్చి వేసే షాట్), లేదా ఫౌల్. సీజన్ మొదలయ్యే నవంబరు ఆటల్లో సులువైన లేఅప్‌లు వరసగా పడుతుంటే కారణం చాలాసార్లు ఇదే. కోచ్‌ను తిట్టడానికి కాస్త ఆగండి.

ప్రశ్న: కొన్ని కాలేజీలు సీనియర్లు పోయినా నిలబడతాయి, కొన్ని కూలిపోతాయి. ఎందుకు?

జవాబు: వెళ్ళేవాళ్ళ పక్కన ఆడి నేర్చుకున్నవాళ్ళు ఎందరు మిగిలారన్నదే అసలు సంగతి. గొంజాగా యూనివర్సిటీ 1999లో తొలిసారి చివరి ఎనిమిదికి చేరింది. ఆ వెంటనే కోచ్ డాన్ మాన్సన్ మిన్నెసోటాకు వెళ్ళాడు. సహాయకుడిగా ఉన్న మార్క్ ఫ్యూ పగ్గాలు పట్టాడు కాబట్టి పద్ధతి చెదరలేదు. ఆటగాళ్ళూ ఒక్కసారిగా ఖాళీ కాలేదు. క్వెంటిన్ హాల్ 1999లో, శాంటాంజెలో, ఫ్రామ్ 2000లో, కాల్వరీ 2001లో వెళ్ళారు. వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన డాన్ డికావ్ కాల్వరీతో ఒక సీజన్ ఆడాడు. బ్లేక్ స్టెప్ డికావ్‌తో ఆడాడు. 2004లో గొంజాగా ఆరువేల సీట్ల కొత్త అరీనా కట్టుకుంది. ఆ మొదటి బృందం వదిలివెళ్ళిన ఆస్తి ఏదంటే మేమైతే ఈ వరసనే చూపిస్తాం, అరీనా తర్వాతే.

బట్లర్ యూనివర్సిటీ కథ రెండు రకాలుగానూ పనికొస్తుంది. 2010 ఫైనల్ తర్వాత గోర్డన్ హేవార్డ్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి పోయినా, మాట్ హోవర్డ్, షెల్విన్ మాక్ ఉండటంతో 2011లో మళ్ళీ ఫైనల్ ఆడింది. వాళ్ళిద్దరూ ఒకేసారి వెళ్ళాక 2012లో టోర్నమెంట్‌కే రాలేదు.

ప్రశ్న: గొప్ప ఆటగాడు వెళ్ళగానే అతని జెర్సీ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేస్తారా?

జవాబు: కాలేజీని బట్టి. కొన్నిచోట్ల జెర్సీని పైకప్పుకు వేలాడదీసి గౌరవిస్తారు, నంబరు మాత్రం వాడుకలోనే ఉంటుంది. డేవిడ్‌సన్‌లో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళకే ఈ గౌరవం. అందుకే 2009లో చదువు ముగియకుండా వెళ్ళిన కరీ, 2022లో డిగ్రీ అందుకున్నాకే అతని 30వ నంబరుకు ఆ ఏడాది ఆగస్టు 31న వీడ్కోలు పలికారు.

నంబర్లు ఆపడంలో ఒక చిక్కు ఉండేది. రిఫరీ ఫౌల్ చేసినవాడి నంబరును చేతివేళ్ళతో చూపాలి కాబట్టి 0 నుంచి 5 వరకు అంకెలే వాడనిచ్చేవారు. 00తో కలిపి మొత్తం 37 నంబర్లే. పదింటిని పైకప్పుకు ఎక్కిస్తే మిగిలేవి 27. పురుషుల ఆటలో 2023–24 సీజన్ నుంచి 99 దాకా అనుమతించారు కాబట్టి ఆ ఇబ్బంది తీరింది.

ప్రశ్న: ఇప్పుడు ఏడాదికో కాలేజీ మారుతున్నారు కదా, ఇక వారసత్వం ఎక్కడిది?

జవాబు: తగ్గింది, నిజమే. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చింది. 2021లో, మారినవాళ్ళు ఒక ఏడాది బెంచీకి పరిమితం కావాలన్న షరతు మొదటి మార్పు వరకు సడలింది; అదే జులై నుంచి తమ పేరు, బొమ్మల మీద ఆటగాళ్ళు సంపాదించుకునే వీలు కలిగింది. చిన్న కాలేజీలో రాణించినవాడిని పెద్దవాళ్ళు ఎగరేసుకుపోవడం అప్పటినుంచి సులువైంది. 2023లో చివరి నాలుగింటికి చేరిన ఫ్లోరిడా అట్లాంటిక్ ముఖ్య ఆటగాళ్ళను మరో ఏడాది నిలుపుకోగలిగింది. 2024లో కోచ్ డస్టీ మే మిషిగన్‌కు వెళ్ళగానే గోల్డిన్ ఆయన వెంట నడిచాడు, డేవిస్ ఆర్కాన్సాకు, మార్టిన్ ఫ్లోరిడాకు మారారు. మార్టిన్ 2025లో అక్కడ టైటిల్ కూడా గెలిచాడు.

కాబట్టి మీ జట్టులో సీనియర్ల జాబితాతో పాటు రెండో, మూడో ఏడాదివాళ్ళలో ఆటకు 15 నిమిషాలకు పైగా ఆడినవాళ్ళ పేర్లు కూడా రాసుకోండి. పోర్టల్ గడువు ముగిశాక వాళ్ళలో ముగ్గురైనా ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఒక్కడే ఉంటే, వచ్చే సీజన్‌ను కొత్త జట్టు తొలి ఏడాదిగానే చూడండి.