యాక్టివ్ ప్రీయాంపా, పాసివా? రెండూ వాడి చూశాక

మీ దగ్గర 2 వోల్టుల డాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి పంపే సిగ్నల్‌గా మార్చేది), టర్న్‌టేబుల్‌కి ఒక ఫోనో స్టేజ్ (రికార్డు మీది సన్నటి సిగ్నల్‌ని పెంచేది), స్పీకర్లని నడిపే పవర్ యాంప్ ఉన్నాయి. మధ్యలో ఏ ప్రీయాంప్ (ఏది వినాలో ఎంచుకుని వాల్యూమ్ సర్దే డబ్బా) పెట్టాలని మీ ప్రశ్న. "పాసివ్‌లో ఏమీ ఉండదు, కాబట్టి సౌండ్‌ని ఏమీ పాడుచేయదు" అని ఎవరో చెప్పారన్నారు. నేనూ ఆ మాట నమ్మినవాణ్ణే.

పాసివ్ అంటే ఏముంది, ఒక డబ్బా, అందులో వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే మారే రెసిస్టర్), సెలెక్టర్ స్విచ్, నాలుగైదు ఆర్‌సీఏ సాకెట్లు. కరెంటు ప్లగ్ కూడా ఉండదు. డ్రాయర్‌లో 50 కిలో ఓమ్‌ల పాట్ ఒకటి పడుంటే దానితోనే ఓ సాయంత్రం కూర్చుని చేసేశాను. పవర్ యాంప్ స్పీకర్ల దగ్గర, ప్రీయాంప్ నా కుర్చీ పక్కన. మధ్యలో 6 మీటర్ల కేబుల్.

మొదటి రోజు చాలా బాగుందనిపించింది. రెండో వారంలో తేడా పట్టుకున్నాను. చిన్న వాల్యూమ్‌లో వయొలిన్ మెరుపు ఉంది, నాబ్ పూర్తిగా తిప్పేసినా ఉంది. మధ్యలో, అంటే నేను రోజూ వినే చోట, ఎవరో స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టు ఉంది. ట్వీటర్లు పోయాయనుకుని విప్పి చూశాను కూడా. అవి శుభ్రంగా ఉన్నాయి.

తప్పంతా పాట్‌ది, కేబుల్‌ది. సిగ్నల్‌ని సగానికి తగ్గించే చోట పాట్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (బయటికెళ్లే సిగ్నల్‌కి పాట్ పెట్టే అడ్డు) అన్నిటికన్నా ఎక్కువ, దాని విలువలో నాలుగో వంతు. అంటే నా దాంట్లో 12.5 కిలో ఓమ్‌లు. రెండు చివరలకూ వెళ్లేకొద్దీ అది తగ్గిపోతుంది. ఆ అడ్డుతో కలిసి పై శబ్దాలని తగ్గించేది కేబుల్ కెపాసిటెన్స్. మల్టీమీటర్‌తో కొలిస్తే 900 పికోఫారడ్‌లు వచ్చింది. యాంప్ లోపలిది మరో వంద వేసుకుంటే, 13 కిలోహెర్ట్జ్ దగ్గరికే సిగ్నల్ 3 డెసిబెల్స్ పడిపోతోంది. పది కిలోహెర్ట్జ్ దగ్గరే రెండు డెసిబెల్స్ పోతున్నాయి. దుప్పటి అంటే అదన్నమాట.

సరే, 10 కిలో ఓమ్‌ల పాట్ వేశాను, డబ్బాని యాంప్ పక్కకి జరిపి అర మీటరు కేబుల్ పెట్టాను. లేచి వెళ్లి వాల్యూమ్ తిప్పాల్సి వచ్చింది గానీ పై శబ్దాలు తిరిగొచ్చాయి. డాక్‌తో అయితే ఇప్పటికీ చెబుతాను, వంక పెట్టడానికి ఏమీ లేదు. అంత నిశ్శబ్దమైన ప్రీయాంప్ నేను ఇంకొకటి వినలేదు.

రికార్డు పెట్టగానే కథ మారింది. నా ఫోనో స్టేజ్ ట్యూబ్‌లది. దాని అవుట్‌పుట్‌లో 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది, సొంత ఇంపీడెన్స్ 2 కిలో ఓమ్‌లు. ముందు 50 కిలో ఓమ్‌ల పాట్ ఉన్నప్పుడు బేస్ 14 హెర్ట్జ్ దాకా దిగేది. పాట్ విలువ తగ్గితే ఆ కెపాసిటర్ కింది శబ్దాలని ఇంకా ఎక్కువ ఆపుతుంది. అందుకే పాట్ మార్చేసరికి 60 హెర్ట్జ్ దగ్గరే తెగడం మొదలైంది. తబలాలో డగ్గా మీద దెబ్బ పడుతోంది, గుమ్మనే మోత మాత్రం రావడం లేదు. పైన బాగుచేయబోతే కింద పోయింది!

అదీగాక లెవెల్ చాల్లేదు. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్‌రిడ్జ్, అంటే రికార్డుని చదివే సూది భాగం, ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. ఫోనో స్టేజ్ దాన్ని వంద రెట్లు చేస్తే అర వోల్టు. నా యాంప్‌కి పూర్తి పవర్ రావాలంటే 2 వోల్టులు కావాలి. వోల్టేజ్ నాలుగో వంతైతే పవర్ పదహారో వంతే. పాసివ్ తగ్గించగలదు గానీ పెంచలేదు కదా.

విసిగిపోయి 20 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) ఉన్న, కరెంటుతో నడిచే యాక్టివ్ ప్రీయాంప్ ఒకటి కొన్నాను. రికార్డులకి హాయిగా ఉంది. డాక్ పెడితే నాబ్ కాస్త కదిపితే చాలు, ఇల్లు ఎగిరిపోతుంది. అంత కింద పాట్ రెండు చానెళ్లూ సమానంగా ఉండవు, పాడేవాళ్లు ఎడమ స్పీకర్ వైపు జరిగి నిల్చున్నట్టు ఉండేది. పాట నడవనప్పుడు సన్నటి హిస్ ఒకటి. ఇదీ నచ్చలేదు.

చివరికి కుదిరింది మధ్యస్తపు మార్గం. పాట్ తర్వాత బఫర్ (పాట్‌నీ కేబుల్‌నీ విడదీసే చిన్న యాక్టివ్ సర్క్యూట్), దానికి 0, 6 డెసిబెల్స్ గెయిన్ స్విచ్. ఫోనో స్టేజ్‌కి కనిపించేది పాత 50 కిలో ఓమ్‌ల పాటే కాబట్టి బేస్ తిరిగొచ్చింది. కేబుల్‌కి కనిపించేది బఫర్ ఇచ్చే వంద ఓమ్‌లే కాబట్టి 6 మీటర్లైనా ఫర్వాలేదు, డబ్బా మళ్లీ కుర్చీ పక్కకి చేరింది. డాక్‌కి 0, రికార్డుకి 6.

మీకు డాక్ ఒక్కటే అయితే, కేబుల్ మీటరు లోపు ఉంటే, 10 కిలో ఓమ్‌ల పాసివ్ కళ్లు మూసుకుని తీసుకోండనేవాణ్ణి. టర్న్‌టేబుల్ ఉంది కాబట్టి ఆగమంటున్నాను. పవర్ యాంప్ ఇన్‌పుట్ సెన్సిటివిటీ (పూర్తి పవర్‌కి కావలసిన వోల్టేజ్), ఇన్‌పుట్ ఇంపీడెన్స్, ఫోనో స్టేజ్ గెయిన్, అవుట్‌పుట్ ఇంపీడెన్స్, కేబుల్ పొడవు, ఈ ఐదూ మాన్యువల్స్ చూసి రాయండి, లెక్క వేసి చెబుతాను.