డ్రిప్ కొనే ముందు ఒకసారి గడ్డపార దింపి చూడండి

కర్నూలులో ఆరు సెంట్లలో ఇల్లు కట్టుకున్నామని, ముందు లాన్, పక్కన పూలమొక్కలు, వెనక నాలుగు కూరగాయలు వేసుకున్నామని, వేసవిలో వారానికో ట్యాంకర్ కొనాల్సి వస్తోందని రాశారు. డ్రిప్ పెట్టిస్తే నీళ్ల ఖర్చు తగ్గుతుందా, ఏ కంపెనీది మంచిది అని మీ ప్రశ్న. కంపెనీ సంగతి నన్నడగొద్దు. డ్రిప్ కంటే ముందు చేయాల్సిన పనులు కొన్నున్నాయి. అవి చేస్తే మీకు డ్రిప్ అక్కరే పడదని నా గట్టి నమ్మకం. ఎందుకంటారా, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అంతే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్యం నుంచి వచ్చేవి మా దాకా చేరేసరికి డస్సిపోతాయి. ఇలాంటి ఊళ్లో నేను నలభై మొక్కలు పెంచాను. గులాబీలు, క్రోటన్లు, మందారాలు, రెండు దానిమ్మలు, ఒక సీతాఫలం, పెరట్లో కరివేపాకు చెట్టు. బోరు ఆడినన్నాళ్లు పైపు పట్టుకుని సాయంత్రం ముప్పావు గంట తడిపేదాన్ని. ఎన్ని నీళ్లు పోతున్నాయో లెక్క చూసుకోలేదు. తర్వాత ఒకరోజు బకెట్ పెట్టి కొలిస్తే, ఆ ముప్పావు గంటలో ఆరు వందల లీటర్లు!

2019 మే నెలలో బోరు గాలి కక్కింది. ఐదు రోజులకోసారి ట్యాంకర్. వీధిలో ఆడవాళ్లం బిందెలు వరసలో పెట్టి కూర్చునేవాళ్లం. ఇంట్లో వాడకానికే చాలకపోతుంటే మొక్కలకెక్కడ? అయినా మనసొప్పక రోజూ సాయంత్రం ఒక్కో మొక్కకు ఒక్కో చెంబు పోసేదాన్ని. ఎవరికీ అన్యాయం చేయకూడదన్నట్టు, నలభై మొక్కలకూ నలభై చెంబులు. పదిహేను రోజులకు కరివేపాకు చెట్టు ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. అది మా పెళ్లయిన ఏడు నాటిన చెట్టు. దాన్ని చూస్తే ఏడుపొచ్చేది.

అప్పుడే మా అత్తమ్మ కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి ఏదో పెళ్లికని వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే పెరట్లోకి పోయి చెట్టు చూసింది. "గడ్డపార యాడుంది పాపా?" అంది. డెబ్బై దాటిన మనిషి. నేను దింపుతానంటే వినకుండా తనే చెట్టు మొదలుకి మూరెడు దూరంలో దింపి మట్టి పైకి లేపింది. పైన అంగుళం మట్టి నల్లగా, తడిగా ఉంది. దాని కింద మోచేయి లోతు దాకా ఎర్రటి బుగ్గి. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"సూడు, నువ్వు దినామూ పోసేది చెట్టు తాగల్యా. ఎండ తాగింది" అంది.

ఆ రోజే అత్తమ్మ పెరడంతా తిరిగి ఏవి బతకాలో ఎంచింది. కరివేపాకు, దానిమ్మలు, సీతాఫలం, మందారాలు, ఇలా పది. తక్కినవాటిని వదిలేయమంది. గులాబీల దగ్గర నేను చాలాసేపు వాదించాను, వినలేదు. ఆ పదింటికి కొమ్మల చివర్లు పడేచోట చుట్టూ గాడిలా పాదులు తవ్వించి, ఎనిమిది రోజులకోసారి రెండేసి బకెట్లు నిదానంగా ఇంకనిచ్చింది. చెట్టు మొదలు దగ్గర పోయనివ్వలేదు, నీళ్లు తాగే సన్నవేర్లు అక్కడుండవంది. పైన నాలుగు వేళ్ల మందాన శెనిక్కాయల పొట్టు పరిపించింది. మా ఊళ్లో మిల్లుకు పోతే పొట్టు బస్తాలకొద్దీ దొరుకుతుంది. మీ వైపూ దొరుకుతుంది, దొరక్కపోతే ఎండాకులు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు, ఏదైనా సరే. ప్రకృతి సేద్యం వాళ్లు ఆచ్ఛాదన అనేది దీన్నే. చెదలు పట్టకుండా కాండానికి బెత్తెడు ఎడం వదలాలి, అంతే.

లెక్క చూడండి. నలభై మొక్కలకు రోజుకో లీటరు చెంబు చొప్పున ఎనిమిది రోజులకు నేను పోసింది 320 లీటర్లు. అత్తమ్మ పది చెట్లకు పదిహేను లీటర్ల బకెట్లు రెండేసి పోసింది, మొత్తం 300. నీళ్లు ఇరవై లీటర్లు తగ్గాయి, చెట్లు బతికాయి. మూడు వారాలకు కరివేపాకు కొమ్మల చివర్లలో ఎర్రటి లేతాకు కనిపించింది. పిల్లలు పుట్టినప్పుడు ఎంత సంతోషపడ్డానో అంత సంతోషపడ్డాను, ఎవరేమనుకున్నా సరే.

అందుకే ముందు గడ్డపార దింపి చూడమంటున్నాను. రోజూ కాస్త కాస్త తడిపితే వేర్లు పైపైనే తిరుగుతాయి, ఒక్క పూట ఎండకు వాడిపోతాయి. ఎడం ఇచ్చి లోతుగా తడిపితే వేరు కిందకి దిగుతుంది. నీళ్లు పోయడానికి తెల్లవారుజాము మంచిది. ఎప్పుడు పోయాలన్నది క్యాలెండర్ చూసి కాదు, పొట్టు పక్కకు జరిపి వేలు గుచ్చి చూసి తేల్చుకోవాలి. రెండు కణుపుల లోతున చల్లగా తగిలితే ఆ రోజుకి పోయక్కర్లేదు.

ఇక మీ లాన్. తీసేయండి. మెత్తగా చెబితే మీరు ఉంచేస్తారని ఇలా చెబుతున్నాను. మన సీమ ఎండకు మే నెలలో పచ్చగడ్డి రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీళ్లు లాగుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరంటే ఒక లీటరు. మీది ముప్పై చదరపు మీటర్ల లాన్ అనుకుంటే రోజుకు రెండొందల లీటర్లు దానికే. దాని మీద ఎవరూ కూర్చోరు, దాంట్లోంచి కూరాకు రాదు. నర్సరీలకెళ్తే కార్పెట్ గడ్డి చుట్టలు, బారెడు పామ్ చెట్లు చూపిస్తారు తప్ప, ఈ ఊరికి ఏది సరిపోతుందో ఒక్కరూ చెప్పరు. గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు, మునగ, సీతాఫలం, ఇవన్నీ మన ఎండకు పుట్టినట్టే ఉంటాయి. నాటిన మొదటి రెండేళ్లు చూసుకుంటే చాలు.

కూరగాయలు కూడా జూన్, జూలైలో వానల్ని నమ్ముకుని వేయండి. గోంగూర, మటిక్కాయలు (గోరుచిక్కుడు), అలసందలు, దోస మన నేలకు కొత్తవి కావు. మార్చిలో టమాటా నారు నాటి, మేలో ట్యాంకర్ నీళ్లతో బతికించడమంటే కిలో టమాటాకు ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. నేను ఏప్రిల్, మే నెలల్లో కూరగాయల మడులు ఖాళీగా వదిలేస్తాను, పొట్టు కప్పి. ఆ రెండు నెలలు నేలకూ విశ్రాంతి.

కుండల గురించి చెప్పకపోతే అత్తమ్మ ఊరుకోదు. ఆకుకూరలు, వంగ, మిరప మడుల్లో మట్టికుండల్ని మెడ దాకా పాతిపెట్టి నీళ్లతో నింపి, మూకుడు మూస్తాం. మూయకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మట్టి ఎండేకొద్దీ కుండ గోడల్లోంచి తేమ లాక్కుంటుంది, తడిగా ఉంటే ఆగిపోతుంది. చుట్టూ జానెడు దూరంలో మొక్కలు నాటితే వేర్లు వచ్చి కుండను చుట్టేసుకుంటాయి. మా చిన్న మడిలో మూడు కుండలు, నాలుగు రోజులకోసారి నింపుతాను. మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఇంట్లో మంచినీళ్లకు వాడి పక్కన పెట్టిన పాత కుండల్ని పాతాను. వారమైనా నీళ్లు దిగలేదు. బోరు నీళ్ల ఉప్పు గోడ రంధ్రాల్లో పేరుకుని మూసుకుపోయింది. కొత్త కుండను కూడా పాతే ముందు ఒక రాత్రి నీళ్లు పోసి పెట్టి చూడాలి. తెల్లారేసరికి బయట చెమట పడితేనే పనికొస్తుంది.

ఆ ఉప్పే డ్రిప్‌కూ శత్రువు. మన బోరు నీళ్లకు డ్రిప్పర్లు, అంటే నీళ్లు చుక్కలుగా పడే మూతులు, తెల్లగా గడ్డకట్టి మూసుకుపోతాయి, యాసిడ్‌తో కడుగుతూ ఉండాలి. మా వీధిలో డ్రిప్ పెట్టించుకున్న ఒకరింట్లో పైపులు రెండో వేసవికే మూలన పడ్డాయి. ఎకరాల తోటలకు డ్రిప్ గొప్పదే, మా జిల్లా చీనీ (బత్తాయి) తోటల్ని చూశాను, కాదనను. ఇంటి ముందు పాతిక మొక్కలకు మాత్రం బకెట్, చెంబు, కుండ చాలు. పైగా టైమర్ పెట్టేశాక మనిషి మొక్క దగ్గరికి పోవడమే మానేస్తాడు. ఆకు ముడుచుకుందో పురుగు పట్టిందో పైపు చూడదు కదా.

వాడిన నీళ్లలో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగినవి ఏ మొక్కకైనా పోయొచ్చు. స్నానాల నీళ్లు మా పాత ఇళ్లలో అరటికీ మెట్టతామరకూ పోయేలా కాలవ తీసేవాళ్లు, నేనూ అలాగే తీయించాను. బట్టల మిషన్ మొదటి నీళ్లు మాత్రం వద్దు, సబ్బుపొడిలోని సోడియం ఎర్రమట్టిని గట్టిపరుస్తుంది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు కూడా మొక్కలకు రోజూ పోయకండి. ఉన్న ఉప్పంతా దాంట్లోనే మిగులుతుంది. మా పక్కింటి తులసి ఆకుల అంచులు ఇలాగే మాడాయి. వాటితో ఇల్లు తుడుచుకోండి.

ఒక్కటి చూస్తే మాత్రం కడుపు మండుతుంది. ఇల్లు కట్టగానే ప్రహరీ నుంచి ప్రహరీ దాకా టైల్స్ పరిచేస్తున్నారు, బురద కాకూడదని. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద మా ఊళ్లో ఏడాదికి పడే వాన యాభై వేల లీటర్లు. పోయింది పోగా నలభై వేలు మిగిలినా, ఎనిమిది ట్యాంకర్ల నీళ్లు. అవన్నీ పైపులోంచి మోరీలోకి. 2019 మేలో అలా టైల్స్ పరిచిన ఇంటివాళ్లే నా వెనక బిందె పట్టుకుని నిలబడ్డారు! నేను మిద్దె పైపును ఇసుక, కంకర నింపిన గుంతలోకి తిప్పించాను, గుంత పక్కనే దానిమ్మలున్నాయి. మీ ముందు భాగంలో టైల్స్ ఉంటే, కారు నిలిపే చోటు వదిలి తక్కినవి పీకించండి.

లాన్ పీకడం, పాదులు, గుంత, ఇవన్నీ తొలకరికి ముందే అయిపోవాలి. కుండలు కుమ్మరి దగ్గరే కొనండి, రోడ్డు పక్క అందంగా రంగులేసి అమ్మేవి వద్దు. రంగు వేస్తే చెమ్మ బయటికి రాదు. రెండు మూడు లీటర్లు పట్టేవి మడికి సరిపోతాయి.