ర్యాంకు వేసే ముందు తలలు లెక్కపెట్టు

అమ్మలూ,

నీ పట్టిక నిన్న రాత్రి కూర్చుని చూశాను. యూరప్ ప్రాంతాలన్నిటినీ తలసరి జీడీపీ ప్రకారం పేర్చి, పైనున్నవే పోటీలో ముందున్నాయని రాశావు. చాలా కష్టపడ్డావు, కానీ ఆ వరస నమ్మబుద్ధి కావడం లేదు.

జర్మనీలోని హాంబర్గ్ చూడు. అక్కడి ఆఫీసుల్లో, రేవులో పనిచేసేవాళ్లు ఎంతోమంది పొద్దున్నే పక్క రాష్ట్రాలైన లోయర్ సాక్సనీ నుంచో, ష్లెస్విగ్ హోల్‌స్టైన్ నుంచో రైలెక్కి వస్తారు. వాళ్ల పని విలువ హాంబర్గ్ ఖాతాలో పడుతుంది. జనాభా లెక్కకొచ్చేసరికి వాళ్లు రాత్రి పడుకునే ఊరివాళ్లు. భాగించేటప్పుడు పైనున్న జీడీపీ, అంటే లవం, పెరిగింది. కిందున్న జనాభా, అంటే హారం, పెరగలేదు. లక్సెంబర్గ్‌లోనూ ఇంతే, కాకపోతే అక్కడ జనం ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ సరిహద్దులు దాటి వస్తారు. యూరోపియన్ కమిషన్ ప్రాంతీయ పోటీతత్వ సూచీలో బ్రస్సెల్స్‌ని చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి లెక్కించేది ఇందుకే. నువ్వూ అలాగే కలుపు.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విషయంలో మరీ జాగ్రత్త. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ దాన్ని పైవరసలో చూసి, అక్కడ గొప్ప పరిశ్రమలున్నాయనుకుని రెండు పేజీలు రాసేశాను. ఆ అంకె వెనకున్నది 1959లో బయటపడిన గ్యాస్. ఆదాయంలో ఎక్కువ భాగం దేశ ఖజానాకు పోయింది. గ్యాస్ తోడినందుకు వచ్చిన భూప్రకంపనలకు బీటలువారిన గోడలు మాత్రం ఆ ఊళ్లవాళ్లవి. అందుకే జీడీపీ పక్కన కుటుంబాల ఆదాయం వేసి చూడమంటాను. ఐర్లండ్‌కైతే తప్పనిసరి. 2015లో అక్కడి జీడీపీ ఒక్క ఏడాదిలో పాతిక శాతం దాకా పెరిగింది. ముఖ్యంగా బహుళజాతి కంపెనీలు పేటెంట్లలాంటి తమ మేధోసంపత్తి హక్కుల్ని అక్కడికి మార్చడం వల్ల వచ్చిన పెరుగుదల అది.

ఇక కొత్త ఆలోచనలు ఏ ప్రాంతంలో పుడుతున్నాయో కొలవడానికి వాడే పేటెంట్ల సంగతి. ప్రతి పేటెంటు మీదా రెండు రకాల చిరునామాలుంటాయి: దరఖాస్తు పెట్టిన కంపెనీది, కనిపెట్టిన మనిషిది. మన హైదరాబాద్ ఇంజనీరు కనిపెట్టింది అమెరికా కంపెనీ పేరున నమోదైతే, నువ్వు ఏ చిరునామా పట్టుకుంటే ఆ ఊరికి మార్కులు పడతాయి. ఆలోచన ఎక్కడ పుట్టిందో కావాలంటే మనిషి చిరునామానే తీసుకో.

అదొక్కటీ సరిపోదమ్మా. ఇటలీలో ఎమీలియా రొమాన్యా ఉంది. సస్సువోలో చుట్టుపక్కలంతా టైల్స్ ఫ్యాక్టరీలు, వాటికి యంత్రాలు చేసే కంపెనీలూ దగ్గర్లోనే. ఫ్యాక్టరీలో రంగు సరిగా పడకపోతే యంత్రం చేసినవాళ్లే వచ్చి, పక్కన నిలబడి సరిచేసి వెళ్తారు. రేపు అదే మార్పు ఇంకో ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఇలాంటి మార్పులకు చాలాసార్లు ఎవరూ పేటెంటు అడగరు. కాబట్టి చిన్న కంపెనీలను నేరుగా అడిగి చేసే నవకల్పన (ఇన్నోవేషన్) సర్వే అంకెలు కూడా కలుపు. ఒక దేశంలో 'కొత్తది' అన్న మాటను ఇంకో దేశంలోలాగే అర్థం చేసుకుంటారని మాత్రం అనుకోకు. ఆ ప్రశ్నపత్రం ఒకసారి నువ్వే చదువు.

మార్చిన పట్టిక పంపు. వచ్చే ఆదివారం ఫోన్‌లో ముందు హాంబర్గ్ వరస చూద్దాం.

మీ మామయ్య