గంజాయి వెన్న: తూకం వేసేది ఆకును కాదు, గిన్నెలో ఉన్నదంతా

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. రెంటల్ అగ్రిమెంట్ నా పేరు మీదే ఉంది. మాలో ఒకడు 20 గ్రాముల గంజాయి తెచ్చి, అరకిలో వెన్నలో కలిపి, తన పుట్టినరోజుకు బ్రౌనీలు చేస్తానంటున్నాడు. డబ్బు ముగ్గురం వేసుకోవాలట. కిలో లోపైతే ఫైన్‌తో పోతుందని, కర్ణాటకలో భంగు తప్పు కాదని హైకోర్టే చెప్పిందని వాదిస్తున్నాడు. నేను తినను. అయినా నాకు ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఉంటుంది. పోలీసులు వస్తే మొదట అడిగేది అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందనే. అయితే ముందు మీ మిత్రుడి లెక్క చూద్దాం, అది తూకం దగ్గరే తప్పింది.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల నియంత్రణ) చట్టంలో గంజాయికి 1000 గ్రాముల వరకు 'స్వల్ప పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. స్వల్పమైతే సెక్షన్ 20 కింద ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే ఫైన్‌తో పోవచ్చు, జైలూ పడవచ్చు. స్వల్పం దాటితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

ఇక 20 గ్రాములే కదా అనడానికి లేదు. అసలు మత్తు పదార్థం ఎంతుందో అంతే లెక్కించాలని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. చాలామంది ఇప్పటికీ దాన్నే పట్టుకుని మాట్లాడతారు. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరికాదంది. కలిపిన తటస్థ (మత్తు లేని) పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి అరకిలో వెన్నంతా తూకంలోకి వస్తుంది. దానికి మైదా, చక్కెర, గుడ్లు, చాక్లెట్ కలిపి బ్రౌనీలు చేస్తే రెండు ట్రేలకే కిలో దాటిపోవచ్చు. అప్పుడు ప్రాసిక్యూషన్ స్వల్ప పరిమాణం కాదంటుంది. పిండి బరువు తీసేయాలని మన వైపు వాదించవచ్చు, కానీ ఆ వాదన తేలేదాకా కేసు పెద్ద సెక్షన్ కిందే నడుస్తుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూలు, కాయలు పట్టిన కొసలు. వాటి నుంచి వేరు చేసిన జిగురు చరస్. జిగురును గాఢంగా చేసిన హాషిష్ ఆయిల్ కూడా చరస్ కిందికే వస్తుంది. చరస్‌కు స్వల్ప పరిమాణం 100 గ్రాములే, కిలో దాటితే వాణిజ్య పరిమాణం. వెన్నలోకి దిగేది మొక్క జిగురులోని సారమే. వడకట్టాక అందులో పువ్వు కనబడదు, ల్యాబ్ రిపోర్టులో రసాయనమే కనబడుతుంది. దీన్ని గంజాయి మిశ్రమమని డిఫెన్స్, చరస్ జాతి అని ప్రాసిక్యూషన్ వాదించుకునే వీలుంది. అదే అరకిలో వెన్న మొదటి లెక్కలో ఏడాది కేసు, రెండో లెక్కలో పదేళ్ల కేసు. వాణిజ్య పరిమాణం దాకా పోతే సెక్షన్ 37 అడ్డొచ్చి బెయిలే కష్టమవుతుంది.

భంగు సంగతి. 2022లో కర్ణాటక హైకోర్టు, భంగు ఎన్‌డీపీఎస్ నిర్వచనంలోకి రాదని చెబుతూ ఒక నిందితుడికి బెయిల్ ఇచ్చిన మాట నిజమే. కొసలు లేని ఆకు, గింజ నిర్వచనం బయట ఉంటాయి కాబట్టి ఆ మాట అనగలిగింది. మీవాడు తెచ్చింది గంజాయి, అంటే పూత. అది ఆ ఉత్తర్వు నీడలోకి రాదు. నిజంగా ఆకే వాడినా, కరిగిన వెన్న చూపించి ఇది ఆకుదేనని ఎలా రుజువు చేస్తాడు?

ఇప్పుడు మీ విషయం. ఇల్లు తన ఆధీనంలో ఉన్నవాడు, తెలిసి కూడా అక్కడ నేరం జరగనిస్తే, సెక్షన్ 25 ప్రకారం ఆ నేరానికి ఏ శిక్షో అతనికీ అదే శిక్ష. 'తెలిసి' అన్న మాటే కీలకం. మీకు తెలుసని మీ ప్రశ్నే చెబుతోంది. సెక్షన్ 54 ఇంకా ముందుకెళ్తుంది. తయారీకి ప్రత్యేకంగా సమకూర్చుకున్న పాత్రలు, సగం తయారైన సరుకు, మిగిలిన పిప్పి దొరికి, వాటికి సరైన సంజాయిషీ ఇవ్వలేకపోతే నేరం చేశారనే కోర్టు అనుకోవచ్చు. డబ్బు వేసుకుంటే ప్రోత్సాహం, కుట్ర కింద సెక్షన్ 29 కూడా చేరుతుంది. 'బర్త్‌డే స్టఫ్' అని రాసి పంపిన యూపీఐ ఐదు వందలు చాలు. తిన్నవాళ్లకు సెక్షన్ 27 ఉంది, ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా లేదా రెండూ.

విందుకు వచ్చేవాళ్లకు చెప్పకుండా పెట్టడం అన్నిటికంటే దారుణం. తిన్న గంజాయి అరగంట నుంచి రెండు గంటల దాకా తెలియదు. ఏమీ కాలేదని ఇంకో ముక్క తింటారు, ఆ తర్వాత గుండెదడ, భయం, వాంతులు. హాని జరగవచ్చని తెలిసి మత్తు పెడితే భారతీయ న్యాయ సంహిత 123 కింద పదేళ్ల వరకు శిక్ష.

మీరు చేయాల్సింది ఇది. ఈ ఇంట్లో గంజాయి ఉండటానికి, వండటానికి ఒప్పుకోనని ఈరోజే వాట్సాప్‌లో స్పష్టంగా రాయండి, ఆ చాట్ చెరపకండి. పైసా ఇవ్వకండి. ఆ పొట్లం మీరే తీసుకెళ్లి పారేద్దామనుకోకండి. చేతిలోకి తీసుకున్న క్షణం అది మీ స్వాధీనంలో ఉన్నట్టే, బయట దొరికితే ఎవరిదని చెబుతారు? అతను వినకపోతే ఇంటి ఓనర్‌కు ఈమెయిల్‌లో నోటీసు ఇచ్చి అగ్రిమెంట్ నుంచి బయటపడండి, ఆ లోపు వేరేచోట ఉండండి. అడ్వాన్స్‌లో కొంత పోయినా పోనివ్వండి. పెండింగ్ క్రిమినల్ కేసు ఉంటే పాస్‌పోర్టు పొందడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వస్తుంది, వీసా ఫారాల్లో కూడా ఆ ప్రశ్న ఎదురవుతుంది.

ఈలోపే పోలీసులు వస్తే అడ్డుపడకండి, పరుగెత్తకండి. ఒంటిని సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట జరగాలని కోరే హక్కు సెక్షన్ 50 ఇస్తుంది. అది ఒంటికే, ఫ్రిజ్‌కు వర్తించదు. పంచనామా కన్నడలో ఉంటుంది. చదవడం రాకపోతే తెలిసిన భాషలో చదివి వినిపించమనండి, ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. లాయర్ లేకపోతే న్యాయ సేవల ప్రాధికార సంస్థ నంబర్ 15100.

మీ మిత్రుడు సరదాకు కాక మానలేక వాడుతున్నాడనిపిస్తే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయించండి, లేదా బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్స విభాగానికి తీసుకెళ్లండి. స్వల్ప పరిమాణం కేసుల్లో, స్వచ్ఛందంగా చికిత్స కోరిన వ్యసనపరుడికి సెక్షన్ 64ఏ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.