అగ్గిపుల్ల దూరే చీలిక

ఇల్లు కట్టేవాళ్ళ, కొనేవాళ్ళ సందేహాలకు ఒక విశ్రాంత ఇంజనీరు జవాబులు

ప్రశ్న: ఇంజనీరు గారూ, మాది నరసరావుపేట. నేను ఇక్కడే టీచర్ని. మావారు గుంటూరులో అకౌంటెంటు, రోజూ వెళ్ళొస్తారు. ఊరి చివర 5 సెంట్ల స్థలం కొని ఆరేళ్ళయింది. నల్లరేగడి. చేతిలో 15 లక్షలున్నాయి, బ్యాంకు 25 లక్షలిస్తానంది. మేస్త్రి 1,250 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి 1,900 చొప్పున మెటీరియల్‌తో సహా కట్టిస్తానంటున్నాడు. పిల్లర్లకు అయిదడుగుల గుంటలు చాలంటాడు. మా పక్క ప్లాటులో ఇల్లు కట్టి నాలుగేళ్ళే, అప్పుడే గోడలన్నీ చీలికలు. అది చూసి మావారు 'మనకెందుకీ తలనొప్పి, గుంటూరులో ఫ్లాటు కొనేద్దాం' అంటున్నారు. మామయ్యగారేమో 'సొంత నేల పెట్టుకుని గాల్లో కొంటారా' అని అలిగి కూర్చున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మా ఇంటి సంగతి చెబుతాను. రోడ్లు భవనాల శాఖలో 31 ఏళ్ళు చేశాను. చిన్న ఆఫీసు గదికైనా మట్టి పరీక్ష కాగితం లేకపోతే ఫైలు కదలనిచ్చేవాణ్ణి కాదు. 1994లో చిలకలూరిపేటలో సొంతిల్లు కట్టుకున్నప్పుడు మాత్రం ఆ పరీక్ష చేయించలేదు. చుట్టుపక్కల ఇళ్ళు నిలబడే ఉన్నాయిగా అనుకున్నాను. చేతిలో డబ్బు తక్కువ, ఆత్రం ఎక్కువ.

మా వంటింటి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన చీలిక ఒకటుంది. మే నెలలో అందులో అగ్గిపుల్ల దూరుతుంది. ఆగస్టు దాటితే గోరు కూడా దూరదు. నల్లమట్టి ఎండకు ముడుచుకుంటుంది, వానకు నీళ్ళు తాగి ఉబ్బుతుంది. పైపైన కూర్చున్న పునాది దాంతోపాటే దిగుతూ లేస్తూ ఉంటుంది. ఇల్లంతా ఒక్కటిగా లేచి దిగితే ఎవరికీ తెలియదు. ఒక మూల కదిలి ఇంకో మూల కదలకపోతేనే గోడ విడుతుంది. మాకు ఆ మూలకు ఏడడుగుల దూరంలో వేపచెట్టుంది. ఎండాకాలం నేలలో మిగిలిన కాస్త తడీ అది లాగేస్తుంది. నాటింది నేనే. మూడుసార్లు సిమెంటు పూయించాను, మూడుసార్లూ విడిచిపోయింది. ఇప్పుడు మా ఆవిడ జూలైలో అగ్గిపుల్ల పెట్టి చూసి 'ఈ ఏడు వానలు సరిగ్గా దిగలేదండీ' అంటుంది.

మీ పక్కింటిదీ ఇదే జబ్బని నా అనుమానం. ఒకసారి వెళ్ళి చూడండి. వాళ్ళ స్నానాల నీళ్ళు గోడ వెంబడే ఇంకుతున్నాయా, చీలికలు మూలల నుంచి ఏటవాలుగా పోతున్నాయా, ఎండాకాలం వెడల్పవుతున్నాయా. ఈ మూడింటికీ అవునంటే పునాది పాపమే. వెంట్రుకవాసి గీతలు ప్లాస్టరింగు మీదే అల్లుకుని ఉంటే అది పూత పూసినవాడి తొందర, దానికి బెంగపడక్కర్లేదు.

మీ స్థలంలో మట్టి పరీక్ష చేయించండి. గుంట తీసి లోతు లోతుకీ మట్టి పట్టుకెళ్తారు. అందులో ఒక పరీక్ష మీకు వర్ణించి చెప్పాలనిపిస్తోంది. ఆరబెట్టి జల్లించిన మట్టిని రెండు గాజు కొలజాడీల్లో పదేసి గ్రాములు వేస్తారు. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరసనాయిలు 100 మిల్లీలీటర్ల గీత దాకా పోసి, 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు, ఉన్నంతే ఉంటుంది. నీళ్ళలోది ఎంత పైకి లేచిందో దాంతో పోల్చి చూస్తారు. సగానికి సగం పెరిగితే జాగ్రత్త పడాలి. రెట్టింపయితే అయిదడుగుల గుంట మాట ఎత్తిన మేస్త్రికి కాఫీ ఇచ్చి పంపేయాలి.

అలాంటి నేల లోతుగా ఉన్నచోట అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. మామూలుగా మూడున్నర మీటర్ల లోతుకు గొట్టంలా తవ్వి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి, కాంక్రీటు నింపుతారు. గొట్టం వెడల్పు 30 సెంటీమీటర్లయితే ఉల్లిగడ్డ 75 ఉంటుంది. అంత లోతులో ఎండావానల ఆట పెద్దగా సాగదు. పైన మట్టి ఉబ్బి ఇంటిని ఎత్తబోయినా ఆ గడ్డ పట్టుకుని ఉంటుంది. ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: పైల్స్ మీద వచ్చే బీము నేలకు ఆనకూడదు, కింద మూడంగుళాలకు పైగా ఖాళీ ఉండాలి. పైల్స్‌కి డబ్బంతా పోసి, బీమును నల్లమట్టి మీద పడుకోబెట్టిన ఇళ్ళు చూశాను. గదుల్లో కూడా తవ్విన నల్లమట్టినే తిరిగి పోయనివ్వకండి. గ్రావెల్ తెప్పించి, పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. ఇంటి చుట్టూ వాలుగా గచ్చు చేయించి, నీళ్ళు దూరంగా పోనివ్వాలి. చెట్టు ఎక్కడ నాటకూడదో నేను వేరే చెప్పక్కర్లేదుగా.

ఇక లెక్క. మేస్త్రి చెప్పిన రేటుకి 23 లక్షల 75 వేలు. 40 లక్షలుంటే ఇంకేం, మేడ మీద ఇంకో గది కూడా వేద్దామనిపిస్తుంది. ఆయన్ని కూర్చోబెట్టి అందులో లేనివి రాయించండి. సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, కరెంటు కనెక్షను, అల్మారాల చెక్కపని ఏవీ అందులో ఉండవని పందెం కాస్తాను. పైల్స్ ఎలాగూ లేవు. పైగా ఇల్లయ్యేదాకా అద్దె కడుతూనే బ్యాంకు వడ్డీ కూడా కట్టాలి. అందుకని 1,250 అడుగుల్ని 1,050కి దించమంటాను. ఆ 200 అడుగుల డబ్బూ నేలలో పెట్టండి. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళెవరూ మీ పునాదిని మెచ్చుకోరు, అదొక్కటే చిక్కు.

ఇనుము దిగిన రోజు తూకం మీరే వేయించండి. 12 ఎం.ఎం. ఊచ 12 మీటర్ల పొడవుది పది కిలోల ఆరు వందల గ్రాములకు అటూఇటూగా ఉండాలి. పది కిలోలకు దిగువన తూగితే లోడు వెనక్కి పంపండి. మొహమాటం వద్దు.

ఫ్లాటు సంగతి. గుంటూరు చుట్టుపక్కలా చాలాచోట్ల నల్లరేగడే. అక్కడి ఫ్లాటూ ఆ మట్టిలోనే నిలబడుతుంది, కాకపోతే దాని పునాది ఎలా వేశారో మీరు చూడలేరు. చీలికల భయంతో ఫ్లాటుకి పోవడం నాకు సబబుగా కనిపించలేదు. మీవారికి ప్రయాణం తప్పుతుందన్నది మాత్రం న్యాయమైన కారణమే, కానీ అప్పుడు దాదాపు 45 కిలోమీటర్లు మీరు బస్సెక్కాలి. ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది ఇంట్లో మాట్లాడుకోండి. ఇద్దరూ కలిసి గుంటూరే అనుకుంటే, అలిగినవారిని నేను ఉత్తరం రాసి ఒప్పిస్తాను.

కట్టుకోవడమే ఖాయమైతే ముగ్గు పోసిన రోజు గురించి ఒక హెచ్చరిక. గదులు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. 'ఇందులో మంచం పడుతుందా' అని మీవారు కంగారు పడతారు, ప్లాను మార్చమంటారు. మార్చకండి. గోడలు లేచాక అదే గది పెద్దదవుతుంది. మా ఇంటికి ముగ్గు పోసిన రోజు మా అమ్మ చెప్పులు బయట విడిచి, లేని గుమ్మంలోంచి లోపలికొచ్చి, ముగ్గుగీతల వంటింట్లో పొయ్యి వచ్చేచోట నిలబడింది. చేత్తో గరిట తిప్పినట్టు తిప్పి, పక్కకి తిరిగి చూసి, 'కిటికీ మూరెడు ఇటు జరపరా, గేటు తీసుకుని ఎవరొస్తున్నారో కనపడాలి' అంది. జరిపాం. ఇరవై ఏళ్ళు ఆ కిటికీలోంచే నా స్కూటర్ చూసి అన్నం వడ్డించడం మొదలుపెట్టేది. నేను చెప్పిన చీలిక ఆ కిటికీదే. దాన్ని తీయించి ఇనుప ఫ్రేముతో కొత్తది పెట్టించుకోమని మా అబ్బాయి పోరుతున్నాడు. ఇంకా మనసు రాలేదు.

మామయ్యగారి అలక తీర్చే ఉపాయం కూడా ఉంది. నీళ్ళ పైపు ఆయనకి అప్పజెప్పండి. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకు (బూడిదలాంటివి కలిపి చేసేది) కనీసం పది రోజులు తడి ఆరకూడదు. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపాలి, పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడుపుతుండాలి. కూలీకి పెట్టిన మనిషి సాయంత్రం ఒకసారి చల్లి పోతాడు. అలిగిన పెద్దాయన తెల్లారగట్లే లేచి తడుపుతాడు.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ప్రీ లాంచ్ ఆఫర్‌లో అంటే ప్రాజెక్టు మొదలుకాకముందే, ఫ్లాటు తీసుకోమంటున్నారు. మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే అడుగుకి 2,000 తగ్గిస్తారట. రెరాకి (ఇళ్ళ ప్రాజెక్టుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) అప్లై చేశామంటున్నారు. - ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: రెరా రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాకే రమ్మనండి. 2016 రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, అమ్మడం సరేసరి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ళు కట్టినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు పేర విడి ఖాతాలో ఉండాలి. రిజిస్ట్రేషనే లేకపోతే ఆ ఖాతా ఎక్కడిది? ఆ 2,000 తగ్గింపు ఎందుకిస్తున్నారంటే, బ్యాంకు వడ్డీకి ఇవ్వని అప్పు మీరు వడ్డీ లేకుండా ఇస్తున్నారు గనక.

ప్రశ్న: మా మేస్త్రి స్లాబు పోసిన ఆరో రోజే సెంట్రింగు విప్పుతానంటున్నాడు. విప్పనివ్వొచ్చా? - ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి ఆయన విప్పేసే ఉంటాడు గనక ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేశాను. ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ళ కోసం. ఆనికకీ ఆనికకీ మధ్య నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకు పోట్లు (కింద నిలబెట్టే గుంజలు) కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 ఉంచాలి. ఆరు మీటర్ల లోపు బీముల కింద 14, దాటితే 21. ఇవి మామూలు ఓపీసీ సిమెంటు లెక్కలు, పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు ఆగాలి. సెంట్రింగు సామాను రోజు అద్దెకు తెస్తారు, మేస్త్రి తొందరంతా అదే. మీ మేస్త్రి అడిగిన అదనపు అద్దె రోజుకి ఎంతో మీరు ఫోన్లో చెప్పారు. ఇచ్చేయండి.