తొమ్మిదో తరగతి వెనక బెంచీల గోల: కొట్టకుండా ఎలా ఆపాలి?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో కొత్తగా చేరిన మాష్టారు ఒకరు అడిగారు: తొమ్మిదో తరగతిలో వెనక బెంచీల వాళ్లు బల్లలు బాదుతున్నారు, బోర్డు వైపు తిరిగితే ఈలలు వేస్తున్నారు, కొట్టకుండా దారికి తేవడం ఎలా అని.

మాష్టారూ, నేను పర్లాకిమిడి దగ్గర ఒక హైస్కూల్లో 17 ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. కొట్టకూడదని మీరు అనుకోవడమే సగం మేలు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదంటుంది. ఆ చట్టం 14 ఏళ్ల దాకానే కదా, తొమ్మిదో తరగతికి వర్తించదని స్టాఫ్‌రూమ్‌లో వాదించేవాళ్లు ఉంటారు. ఆ వాదనలోకి దిగకండి. దెబ్బ తిన్నవాడు ఆ పూట ఊరుకుంటాడు, మర్నాడు రెట్టింపు చేస్తాడు.

నాకు ఈ సంగతి ఒక కుర్రాడి వల్ల తెలిసింది. ఐదో తరగతి దాకా ఆంధ్రా వైపు పాతపట్నంలో అమ్మమ్మగారింట ఉండి తెలుగులో చదివాడు. ఆరులో ఇటు వచ్చి ఒడియా మీడియంలో చేరాడు. ఒడియా గలగలా మాట్లాడతాడు. క్లాసులో మాత్రం రోజూ పిల్లికూతలు, పక్కవాడి జుట్టు లాగడం. అందరి ముందూ తిట్టాను. లాభం లేక వాళ్ల నాన్నను పిలిపించాను. ఆయన నా ఎదుటే బెల్టు తీశారు. నేను అడ్డుపడేలోపే రెండు దెబ్బలు పడ్డాయి. తప్పు నాదే. మర్నాటి నుంచి వాడు నా ముఖం చూడటం మానేశాడు.

అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టి, అల్లరి ఎప్పుడు మొదలవుతుందో పది రోజులు రాసుకున్నాను. వరసగా ఒక్కొక్కరి చేత పేరా చదివిస్తుంటే, వంతు వాడికి రెండు బెంచీల దూరంలోకి రాగానే పిల్లికూత వినపడేది. నేను బయట నిలబెట్టేవాణ్ని. చదివే వంతు తప్పిపోయేది. వాడికి కావలసింది నేనే ఇస్తూ వచ్చానన్నమాట! బడి వదిలాక ఒక్కణ్నే కూర్చోబెట్టి చదివించాను. ఒత్తక్షరం వచ్చిన ప్రతిచోటా ఆగిపోయాడు. మాట వచ్చు, చదవడం రాదు.

ఆనాటి నుంచి "రేపు నువ్వు చదవాల్సింది ఈ నాలుగు లైన్లు" అని ముందురోజు సాయంత్రమే చెప్పి, ఒకసారి చదివించి పంపేవాణ్ని. పదిహేను రోజుల దాకా ఏ మార్పూ లేదు. నెల తిరిగేసరికి కూతలు తగ్గాయి.

అందరిదీ ఇదే కారణం అనను. కొందరు కొత్త మాష్టారు ఎంతవరకు ఓర్చుకుంటారో చూస్తారు, అంతే. వాళ్లకు నేను చేసేది చిన్న పని: బోర్డు మీద ఒక పిల్లవాడి చేత రాయిస్తూ, నేను వెనక బెంచీల పక్కన నిలబడి పాఠం చెబుతాను. ఎవరినైనా మందలించాలంటే బెల్లు కొట్టాక, ఒంటరిగా.

ఇంకొకటి. "బుఝిల?" (అర్థమైందా?) అని ఒడియాలో అడిగితే క్లాసంతా "హఁ సార్" అంటుంది. నమ్మకండి. మీ వైపు ఇంట్లో కుయి, కువి అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలు ఉంటారు. ఒకరి చేత పాఠంలో ముఖ్యమైన ముక్కను వాళ్ల ఇంటి మాటలో చెప్పించండి. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగానే సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. మనం అంత చేయలేకపోయినా, పిల్లవాడి ఇంటి మాటకు రోజూ ఐదు నిమిషాలు ఇవ్వగలం.

ఇళ్లకు కబురు పెట్టాల్సి వస్తే, మొదటిసారి మంచి మాట చెప్పడానికే పెట్టండి. ఆ కుర్రాడి నాన్నకు నేను రెండోసారి కబురు పెట్టినప్పుడు, మళ్లీ ఏం చేశాడోనని ఆయన కంగారుగా వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. కొడుకు చదువుతున్నంతసేపూ కిటికీ బయటే నిలబడి విన్నారు.